ఘని తాగడు

పుంగనూరులో టైలరు అంగడి పెట్టుకున్న ఘనికి మదనపల్లెలోని మా ఆసుపత్రిలో హెర్నియా ఆపరేషను చేశారు. నాలుగు రోజుల్లో పంపేస్తామన్నారు డాక్టరు. చేర్చుకునేటప్పుడు సిగరెట్టు, మందు అలవాట్లేమైనా ఉన్నాయా అని నర్సుగా నేనే అడిగాను. నా మాట పూర్తికాకుండానే, "మా ఇంట్లో అట్లాంటివి లేవు సిస్టరమ్మా" అంది ఆయన భార్య మునీరా. పక్కనే ఆమె అన్న హమీద్ నిలబడి ఉన్నాడు, వాళ్ల మసీదుకు ఆయనే పెద్ద. నేను లేవనే రాసుకున్నాను. నా బుద్ధి అంతే!

మూడో రోజు పొద్దున ఘని చేతులు వణకసాగాయి. ఒళ్లంతా చెమటలు. మధ్యాహ్నానికి సెలైన్ సూది పీకేసి, దుప్పటిని మడతలు పెట్టి, లేని కత్తెరతో కత్తిరిస్తున్నాడు. "ఎలకలు బట్టలు కొరుకుతాండాయి, తరమండి" అని ఒకటే గోల. నలుగురం పట్టుకున్నా ఆగలేదు. ఆపరేషను కుట్లు తెగుతాయేమోనని నా ప్రాణం కొట్టుకుపోయింది.

రోజూ తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ఇలాగే అవుతుంది, ప్రాణమూ పోవచ్చు. ముందే తెలిస్తే మొదటి రోజే మందులు మొదలుపెట్టేవాళ్లం. డాక్టరు మళ్లీ అడిగారు. మునీరా అన్నవైపు చూసి, లేదని తలూపింది. హమీద్ తస్బీ పూసలు తిప్పుతూ నేలచూపులు చూస్తున్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆమెను వరండాలోకి లాక్కెళ్లాను.

"యాల దాస్తాండావమ్మా? మనిషి పోతే ఆ మర్యాద నువ్వేం చేసుకుంటావు?"

ఆమె భోరున ఏడ్చింది. "తాగుతాడమ్మా, రోజూ. పదేండ్లయింది. మా అన్నకు తెలిస్తే మళ్లీ నా గడప తొక్కడు."

వెనకే వచ్చిన హమీద్ వార్డు వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి మునీరా గోడకు అతుక్కుపోయింది.

"పదేండ్లు కాదు, పన్నెండు. సరిగ్గా రాసుకోండి సిస్టరమ్మా" అన్నాడాయన. "నాకు తెలుసని తెలిస్తే చెల్లెలు తలెత్తుకోలేదని ఊరకున్నా."

మూడు రోజులు మంచానికి చెరోపక్క కూర్చుని ఒకరి పరువు ఒకరు కాపాడుకున్నారు, మధ్యలో ఆ మనిషి చావబోయాడు. నాకు ఇద్దరినీ చెడామడా తిట్టాలనిపించింది. పరుగెత్తుకుంటూ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

నాలుగు రోజుల మనిషి పంతొమ్మిది రోజులున్నాడు. బాగా తెలివొచ్చిన రోజు, ఇంట్లోవాళ్లు బయటికి పోయినప్పుడు, ఘని నన్ను దగ్గరికి పిలిచాడు.

"సిస్టరమ్మా, నేను తాగుతానని హమీద్ భాయ్‌కి మాత్రం చెప్పొద్దండి. మునీరా పరువు పోతాది."

"అందరికీ తెలుసప్పా. నువ్వు గంజి తాగు" అన్నాను.