వియన్నాలో వెనక్కి తిరగని మనిషి

మొన్న సాయంత్రం ఆఫీసు వదిలాక ఇక్కడ సింగపూర్‌లో ఎక్స్‌పో స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే మా అమ్మాయి వియన్నా నుంచి వీడియో కాల్ చేసింది. ఒక సెమిస్టరు చదువుకోమని యూనివర్సిటీవాళ్ళు యూరప్ పంపితే, సెలవులు ఇచ్చారో లేదో పుస్తకాలు మూలపడేసి, వారం రోజులు ఊళ్ళు చూసొస్తానని స్నేహితురాళ్ళతో బయల్దేరింది మహాతల్లి. "అమ్మా, ఏమైందో తెలుసా? ట్రామ్ స్టాప్‌లో ఒక ఆంటీ, బ్యాక్ నుంచి అచ్చం నువ్వే! నేను 'అమ్మా' అని గట్టిగా అరిచేశాను. అందరూ చూశారు, సో ఎంబరాసింగ్ లా!" అని, ఇక్కడి పిల్లల అలవాటు ప్రకారం చివర ఆ 'లా' తగిలించి, ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇళ్ళకు వెళ్ళే జనమంతా వచ్చిన రైలెక్కేశారు, నేను ఎక్కలేదు.

మన ఈడువాళ్ళకు వేరే చెప్పాలా, బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలిస్తే పెద్దవాళ్ళు ఎలా కసిరేవారో. మా అమ్మ మరీను. ఆవిడ పొరుగూళ్ళో పంతులమ్మ. పొద్దున్నే నోటు పుస్తకాల సంచి కుడి భుజానికి తగిలించుకుని వీధిలోకి దిగాక, కళ్ళజోడు బల్ల మీదే మర్చిపోయిందని కనబడుతున్నా సరే, పిలవడానికి వీల్లేదు. పిలిచామా, విసుక్కుంటూ వెనక్కొచ్చి, కుర్చీలో కాసేపు కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగితే గానీ మళ్ళీ కదిలేది కాదు, ఈలోగా బస్సు పోతే పోనీ. అందుకని నేను కళ్ళజోడు పట్టుకుని పరుగెత్తి, ఆవిణ్ణి దాటి, ఎదురుగా నిలబడి ఇచ్చేదాన్ని. అప్పుడు ఆ ముఖంలో వచ్చే చిన్న నవ్వు కోసం ఒకట్రెండుసార్లు కళ్ళజోడు నేనే దాచానేమో కూడా.

జర్మనీలో చదువుకు వెళ్ళేటప్పుడు నన్ను సాగనంపడానికి అమ్మా, మామయ్యా రాజమండ్రి స్టేషనుకు వచ్చారు. బండి చూస్తే ఆలస్యం, అమ్మ ఎక్కాల్సిన ఆఖరి బస్సుకేమో వేళవుతోంది, మర్నాడు బళ్ళో పరీక్షలు. మామయ్య ఉంటాడుగా అని నా తల నిమిరి తనే ముందు బయల్దేరింది. భుజాన సంచి లేకపోయినా ఆ కుడి భుజం కిందికే వాలి ఉండేది. వంతెన మెట్లెక్కుతూ వెనక్కి చెయ్యి పోనిచ్చి, ముడిలో పిన్ను ఊడిందేమోనని తడిమి చూసుకుంది. ఒక్కసారి ఇటు తిరిగితే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది గానీ, పిలుపు గొంతులోనే మింగేశాను. ఆ చలికాలంలోనే హాస్టల్ వరండాలోని ఫోనుకు మామయ్య గొంతు వచ్చింది. అమ్మకు గుండెపోటట. అంతా అయిపోయింది, ఇప్పుడొచ్చినా చూడటానికేం లేదు, చదువు పాడు చేసుకోకు అన్నాడు.

నాతో గదిలో ఉండే అక్కది అనంతపురం. ఏడవకుండా గోడకేసి చూస్తూ కూర్చుంటున్న నన్ను చూసి హడలిపోయి, వసంతం సెలవులు రాగానే వీసాల కోసం తనే ఆఫీసుల చుట్టూ తిరిగి, నన్ను బలవంతాన రైలెక్కించింది. ప్రాగ్, వియన్నా, వెనిస్, మొత్తం వారం. బ్రెడ్డు ముక్కల మధ్య గోంగూర పచ్చడి పెట్టుకుని తినడం, ఎదుటి సీటు ముసలాయన ఆ వాసనకు కిటికీ తెరవడం గుర్తున్నాయి గానీ, ఏం చూశావంటే మాత్రం ఏం చెప్పను? ఆ వారంలో నాకు యూరప్ అంతా వీపులే. కోటల ముందు, వంతెనల మీద అక్క తీసిన ఏ ఫోటోలోనూ నేను కెమెరాకేసి చూడలేదు. "యాడ చూస్తాండావు మే? ఈపక్క చూడు!" అని పాపం ప్రతి ఊళ్ళోనూ మొత్తుకునేది.

వియన్నాలో పెద్ద చర్చి ముందు అక్క టిక్కెట్ల వరసలో ఉండగా కనబడింది. బూడిదరంగు కోటు, మెడ మీదికి జారిన ముడి, చేతిలో గుడ్డసంచి, కుడి భుజం కిందికి. అదే నడక. నా కాళ్ళు నన్నడక్కుండానే వెంటపడ్డాయి. దాటి ముందుకెళ్ళి ఎదురుగా నిలబడదామని ఎంత పరుగు తీసినా, ఆ సందుల్లో జనం అడ్డం, నేను వేగం పెంచితే ఆవిడా పెంచినట్టే ఉండేది. ట్రామ్ ఎక్కబోతుండగా చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి వచ్చేశాను. అమ్మా అన్న మాట నాలుక చివర ఉంది. బయల్దేరిన మనిషి కదా, పిలవకూడదు అనిపించింది. మీరు నమ్మండి నమ్మకపోండి, పిలిస్తే వెనక్కొస్తుంది, వస్తే ఈ పరాయి ఊళ్ళో ఎక్కడ కూర్చోబెట్టను, మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తేను అని కూడా అనిపించింది. తలుపులు మూసుకున్నాయి. ట్రామ్ మలుపు తిరుగుతుంటే కిటికీలో ఒక చెయ్యి వెనక్కి వెళ్ళి ముడి తడుముకుంది.

అక్క రొప్పుతూ వచ్చి తిట్టబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. "మీయమ్మ కాదులే మే" అని మాత్రం అంది. నాకు తెలియదా కాదని? ఆ తర్వాత వెనిస్‌లో ఎంత వెతికినా ఒక్కరూ అలా కనబడలేదు, అది ఇంకా భరించలేకపోయాను. ఇన్నేళ్ళ తర్వాత ఈ సింగపూర్ రైళ్ళలో కూడా ఒక భుజం కిందికి వాలిన మనిషి ముందు నడుస్తుంటే, నేను దిగాల్సిన స్టేషను దాటిపోయిన రోజులున్నాయి.

"ఆవిడ తిరిగిందా?" అని మా అమ్మాయిని అడిగాను.

"తిరిగింది లా! ఎవరో ఆంటీ. నేను సారీ అంటే నవ్వి వెళ్ళిపోయింది. ఏంటమ్మా, ఏడుస్తున్నావా?"

అంతేనన్నమాట. అరిస్తే తిరుగుతారు, ఎవరో అవుతారు, నవ్వి వెళ్ళిపోతారు. ఈ కాలం పిల్లలకు ఏ పట్టింపులూ లేవు, ఎవరినైనా ఎక్కణ్ణుంచైనా పిలిచేస్తారు, అది మంచికో చెడుకో నేను చెప్పలేను. నేనూ ఆ రోజు పిలిచి ఉంటే ఎవరో తెల్లావిడ తిరిగి చూసేది, మా అమ్మ పోయిందని నాకు ఆ క్షణానే ఖాయమయ్యేది. పిలవలేదు గనక ఆవిడ ఇంకా నా ముందు నడుస్తూనే ఉంది, ముఖం చూపించకుండా.

ట్రామ్ వచ్చేసింది, బై అమ్మా అంటూ పిల్ల ఫోను దించి నడవసాగింది. తెరలో ఆకాశం ఊగుతోంది. పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చేయని పని చేశాను. ప్లాట్‌ఫాం మీద అందరూ నాకేసి చూసేంత గట్టిగా, పేరు పెట్టి వెనక్కి పిలిచాను. ముఖం మళ్ళీ తెర మీదికొచ్చింది. "ఏంటమ్మా? ట్రామ్ వెళ్ళిపోతుంది!" అంది, కంగారుగా, నిండుగా, నాకెదురుగా.

ఏం లేదు తల్లీ, పోతే పోనీ, కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు అన్నాను.