ఉస్తాద్‌కు వినబడని పాట

నా శాక్సఫోన్ గొంతు ఎలా ఉంటుందో నాకు నలభై దాటాక తెలిసింది. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఊదాను గానీ, ఒక్కరోజూ వినలేదు. వినే వీలేదీ? సూరత్‌లో మేముండే గది కిందే కార్ఖానా. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. అవి రెండు షిఫ్టులూ ధడధడలాడుతుంటే కట్టుకున్నదాన్ని మంచినీళ్ళడగాలన్నా అరవాల్సిందే. పగలు సాంచా నడిపి, సాయంత్రం ఆ మోతలోనే సాధన చేసేవాణ్ణి. మోతను మించి ఊదడమే వాయించడం అనుకున్నాను.

పెళ్ళి బ్యాండులో అదే కలిసొచ్చింది. డోళ్ళను దాటి వినబడితే చాలు, బ్యాండు యజమాని భుజం తట్టేవాడు. అక్కడే ఒక పెద్దాయన పరిచయమయ్యాడు, అందరూ ఉస్తాద్ అనేవారు. వయసులో ఉండగా బొంబాయి హోటళ్ళలో జాజ్ వాయించి, సూరత్ శివార్లలో డుమస్ బీచికెళ్ళే దారిలో కూతురింట్లో ఉంటున్న మనిషి. పదేళ్ళపాటు ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్ళాను. పాట వరసను వదిలి సొంతంగా అల్లుకుపోవడం, తాళానికి కాస్త వెనకగా నడవడం, అన్నీ ఆయనే నేర్పాడు. ఆయన చలవతోనే ఒక హోటల్లో శనివారాలు వాయించే అవకాశమూ వచ్చింది. ఒక్క నెమ్మది పాట దగ్గర మాత్రం ప్రతిసారీ చెయ్యెత్తి ఆపేవాడు. సాంచాల హోరు చెవుల్లోనే ఉండిపోయి, అక్కడా నా స్వరం నాకు తెలిసేది కాదు.

“నువ్వు అరుస్తావు, వాయించవు. అరవడం మానిన రోజున నా శిష్యుడివని పదిమందికీ చెప్తాను” అని హిందీలో మొహమ్మీదే అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళు కాళ్ళ దగ్గర కూర్చుంటే దక్కింది ఇదా అనుకున్నాను. అయినా శిష్యుడన్న ఆ మాట ఆయన నోట వినాలన్న ఆశ మాత్రం చావలేదు.

కరోనా వచ్చింది. లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఆగిపోయాయి, కొన్నాళ్ళకు నా చెవుల్లో హోరూ అణిగింది. ఒక మధ్యాహ్నం తోచక ఆ నెమ్మది పాట ఊదాను. ఛీ! చెవులు మూసుకోవాలనిపించింది.

“ఏందయ్యా, ఇన్నేండ్ల సంది గిట్లనే ఊదుతున్నవా?” అంది నా భార్య. వెక్కిరించడానికి కాదు, పాపం, నిజంగానే అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ మర్నాటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. నోటితో ఊదితే జబ్బు పాకుతుందని పక్కగదివాళ్ళు గొడవకొస్తే, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, ఉక్కలో చెమటలు కక్కుతూ మెల్లగా ఊదేవాణ్ణి. రెండు నెలలకు స్వరం సన్నగా, వణుకు లేకుండా నిలబడింది. నా భార్య గరిటె పట్టుకునే వచ్చి గడపలో నిలబడింది. “జర మళ్ళ ఊదు” అంది.

ఇక ఆయనకు వినిపించాలి. ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. నాన్నకు జ్వరం, దగ్గు, ఎవరూ రావద్దంది. అమ్మా, ఫోన్ స్పీకర్‌లో పెట్టండి చాలని బతిమాలాను. కళ్ళు మూసుకుని పాటంతా వాయించాను. జీవితంలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు.

ఏమీ వినబడలేదన్నాడు ఆయన. మళ్ళీ వాయించాను. మధ్యమధ్య ఏదో ముక్క వస్తోందట. గట్టిగా ఊదమన్నాడు. నా వెధవ బుద్ధి, ఊదాను. ఇరవై ఏళ్ళ అలవాటు ఒక్క ఊపిరిలో తిరిగొచ్చింది.

అట్నుంచి చాలాసేపు దగ్గు. తరవాత ఆయన గొంతు.

“ఆఁ, ఇప్పుడు వినబడింది. ఇంకా అరుస్తూనే ఉన్నావు, బేటా.”

వారం తిరక్కుండా పోయాడు. కడసారి చూపుకి కూడా వెళ్ళనివ్వలేదు.

తరవాతెప్పుడో మొబైల్ దుకాణంవాడు చెప్పాడు. ఫోన్ మనిషి మాటలనే పట్టుకుంటుందట, ఆగకుండా సన్నగా సాగే చప్పుడును ఫ్యాను మోత అనుకుని తీసేస్తుందట. ఎంత చల్లగా చెప్పాడో! వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. వాడేం చేశాడు, పాపం.

సాంచాలు మళ్ళీ నడుస్తున్నాయి. నేను పెళ్ళిళ్ళలో అరుస్తున్నాను. ఇంట్లో మాత్రం ఎప్పుడైనా ఆ పాట మెల్లగానే వాయిస్తాను. నా భార్య వచ్చి గడపలో నిలబడుతుంది, నా వేళ్ళకేసి చూస్తుంది. ఆ మోతలో ఆమెకూ ఏమీ వినబడదు.