గడప గారి జవాబులు

పరపతి సంఘం వారి ఇంటర్నెట్ పేజీ మీద సభ్యులు ఏది రాసినా, గడప గారు దానికి జవాబును కాలినడకన తీసుకువెళ్ళి ఇచ్చేవారు. ఆయన అసలు పేరు జీతాల పట్టీలో మాత్రమే కనిపించేది. ఎవరి ఇంటికి వెళ్ళినా, లోపలికి రమ్మనేవరకు గడప ఇవతలే నిలబడి, గొంతు సవరించుకుని, "తమరు మా పేజీ మీద వెలిబుచ్చిన అభిప్రాయం విషయమై వచ్చాను" అని మొదలుపెట్టేవారు కనుక ఊరంతటికీ ఆయన గడప గారే అయ్యారు. వెళ్ళేముందు జేబులోంచి పెన్ను తీసి, "మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు రాసుకోమంటారా?" అని అడిగేవారు. ఈ రెండు వాక్యాల మధ్య ఎంతసేపు గడుస్తుందనేది ఆ ఇంటివారి మీద ఆధారపడి ఉండేది.

బదిలీ మీద కొత్తగా వచ్చిన మేనేజరుకు ఆయనతో పరిచయం ఆఫీసు బయటే జరిగింది. మేడ మీది రెండు గదుల ఇంట్లోకి ఆమె సామాను చేర్చిన రోజున, సాయానికి వచ్చి, టీ కెటిల్ మూత పగలగొట్టి, మెట్టుకొక క్షమాపణ చెబుతూ దిగివెళ్ళిన మనిషి ఆయనే. మూత లేని కెటిల్‌లో ఆమె ఒక మొక్క నాటి కిటికీలో పెట్టుకున్నది. ఆ తరవాత ఆ మెట్లు ఎక్కినవారు లేరు. కాలింగ్ బెల్లు మోగుతుందో లేదో కూడా ఆమెకు తెలియదు.

గడప గారి జవాబుల సంగతి మాత్రం ఆమెకు సెలూన్ యజమాని ద్వారా తెలిసింది. యాప్ మాటిమాటికీ పాస్‌వర్డ్ అడుగుతోందని అతడు పేజీ మీద రాశాడు. ఒక మనిషి సగం గడ్డంతో, సగం నురగతో కుర్చీలో కూర్చుని ఉండగా గడప గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఇప్పుడా సార్? చేతిలో కత్తి ఉంది."

"పరవాలేదు. మీరు గీస్తూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను."

చివరికి పాస్‌వర్డ్ మార్చడం నేర్చుకున్నది నురగలో ఉన్న మనిషి. ఆ మనిషి సంఘంలో సభ్యుడు కూడా కాడు.

పేజీ మీది సెలవు ప్రకటన కింద బొటనవేలి గుర్తు పెట్టినందుకు కృతజ్ఞత చెప్పడానికి ఒకసారి దర్జీ మామ్మగారి ఇంటికి వెళ్ళారు.

"నేనెక్కడా వేలు పెట్టలేదు నాయనా. సంతకం చేయడం వచ్చు నాకు."

ఆవిడను ఊరడించి, మనవరాలి ఫొటోలన్నీ చూసి, పది సూదుల్లో దారం ఎక్కించి వచ్చేసరికి ఆఫీసు తలుపులు మూస్తున్నారు.

డ్రైవింగ్ నేర్పే మాస్టారు ఒకరు వడ్డీ రేట్ల కింద ఎర్రని కోపపు ముఖం పెట్టినప్పుడు గడప గారు అన్నం కూడా తినకుండా బయలుదేరారు.

"అయ్యో, అది మీకు కాదండీ. మా బావమరిది ఫొటో కింద పెట్టబోతే వేలు జారింది."

"అయితే ఆయన ఇల్లెక్కడండీ?"

"ఎందుకు?"

"ఇది ఆయనకు చేరవలసినది కదా."

పై ఆఫీసు వారికి ఈ కథలు తెలియవు. వారికి అంకెలు మాత్రమే తెలుసు. వారి ఉత్తర్వు సారాంశమేమంటే, వ్యాఖ్యలకు గంటలోగా పేజీ మీదే జవాబు ఇవ్వవలెను. ఈ శాఖలో ఒక్క ఫిర్యాదు కూడా పరిష్కారమైనట్టు కనబడుట లేదు. అన్నీ 'పరిశీలనలో ఉన్నవి'. మేనేజరు రుజువుతో నివేదిక పంపితే, జవాబులు యంత్రమే ఇచ్చే ఏర్పాటు చేసి, సదరు ఉద్యోగిని నేలమాళిగలోని పాత కాగితాల గదికి మారుస్తారు. ఆ గదికి కిటికీ లేదు. అక్కడికి ఎవరూ రారు.

మేనేజరు ఆయనను పిలిపించింది.

"మీకు టైపు రాదా?"

"వచ్చు మేడమ్. ఈ ఆఫీసులో అందరికంటే వేగం నాదే."

"మరి ఆ జవాబేదో అక్కడే కొట్టేయవచ్చు కదా."

"కొడితే వాళ్ళు తలుపు తీయరండీ."

గడప గారు గది అద్దాల తలుపులోంచి ఖాళీ కౌంటర్ల వైపు చూశారు.

"ఇదివరకు వాళ్ళే వచ్చేవారు. పాస్‌బుక్ వంకతో ఆ బల్ల మీద మోచేతులు ఆనించి, కోడలి పురుడు దగ్గర్నుంచి కుక్క జలుబు దాకా చెప్పేవారు. యాప్ ఇచ్చి ఇక రానక్కర్లేదన్నాం. రావడం మానేశారు. చెప్పడం మానలేదు. యాప్ తెరుచుకోవడం లేదని రాస్తారు. వెళ్ళి చూస్తే శుభ్రంగా తెరుచుకుంటుంది."

"పోనీ ఒక్క ఫిర్యాదైనా ఎందుకు మూయలేదు?"

"అడుగుతూనే ఉన్నానండీ. ఒప్పుకోవడం లేదు."

ఆయన వెళ్ళాక క్యాషియరు లోపలికి తొంగిచూసి, "ఆయన చెప్పుల ఖర్చు కూడా నివేదికలో రాయండి మేడమ్" అన్నది.

ఆ ఆదివారం వాన. రుజువు కోసం మేనేజరు 'నిజాయితీపరుడు' అనే దొంగపేరుతో పేజీ మీద ఒక ఖాతా తెరిచింది. బొమ్మ అడిగితే, చేతికి దగ్గరగా ఉన్న కిటికీలోని మొక్కను కెటిల్‌తో సహా ఫొటో తీసి పెట్టింది. యాప్ గురించి ఏదో ఒకటి రాయాలని కూర్చున్నది. రాసి పంపాక చదువుకుంటే ఇలా ఉన్నది: 'వచ్చి ఇన్ని నెలలైంది. ఇక్కడ ఎవరైనా ఉన్నారా? ఎవరూ పలకరేం?'

ఇందులో యాప్ ఎక్కడా లేదు. చెరిపివేద్దామనుకుని, ఎందుకో చెరపలేదు. కింద వీధిలో ఎవరో ఎవరినో గొడుగులోకి రమ్మని పిలుస్తున్నారు. కిటికీ దగ్గర నిలబడి ఆ ఇద్దరూ మలుపు తిరిగేదాకా చూసింది. గంట దాటింది. పేజీ మీద ఉలుకూ పలుకూ లేదు. నివేదిక తెరిచి, 'జవాబు రాలేదు' అని మొదటి వాక్యం రాసింది.

బెల్లు పనిచేస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

గడప అవతల నీళ్ళు కారుతున్న గొడుగుతో ఆయన, వెనక మెట్టు మీద క్యారియర్‌తో ఆయన భార్య నిలబడి ఉన్నారు.

"తమరు మా పేజీ మీద వెలిబుచ్చిన అభిప్రాయం విషయమై వచ్చాను."

మేనేజరు కిటికీలోని కెటిల్ వైపు చూసింది. ఆయన కూడా అటే చూసి, మూత గుర్తొచ్చి తల వంచుకున్నారు.

"అది ఉత్త పరీక్షండీ," అన్నది ఆమె. "మీరు గంటలోగా జవాబిస్తారో లేదో చూద్దామని."

"తెలుసమ్మా. నిజాయితీ ఉన్నవాడు ఆ పేరు పెట్టుకోడు."

"తెలిసీ ఈ వానలో ఎందుకొచ్చారు?"

"ప్రశ్న పరీక్షలా లేదమ్మా."

ఆయన భార్య అందుకున్నది.

"లోపలికి రమ్మను తల్లీ. ఆయనకు గడపలో నిలబడడం అలవాటే. నాకు మోకాళ్ళ నొప్పి."

ఆ సాయంత్రం ఆ ఇంట్లో మూడు కంచాలు కడగవలసి వచ్చింది. నివేదిక సంగతి ఎవరూ ఎత్తలేదు. జలుబు చేసిన కుక్క ఎవరిదో, జలుబు ఎలా తగ్గిందో మేనేజరు పూర్తిగా విన్నది. వెళ్ళబోతూ గడప గారు జేబులోంచి పెన్ను తీశారు.

"మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు రాసుకోమంటారా?"

మేనేజరు తలుపు పట్టుకుని నిలబడింది. ఊళ్ళో ఒక్క ఫిర్యాదు కూడా ఎందుకు మూతపడలేదో ఆమెకు బోధపడింది.

"వద్దండీ. పరిశీలనలోనే ఉంచండి."

"అందరూ అదే అంటున్నారు," అని ఆయన నిట్టూర్చి పెన్ను జేబులో పెట్టుకున్నారు.

సోమవారం ఆమె పై ఆఫీసుకు ఇలా రాసి పంపింది: 'జవాబు అందినది. వాన కారణంగా స్వల్ప ఆలస్యము. యంత్రము అవసరము లేదు. ఉద్యోగిని ఇదే స్థానములో కొనసాగించవలెను.' దానికి పై అధికారి మండిపడి, అందరూ చూసేటట్టు సంఘం పేజీ మీదనే రాశాడు: 'ఈ శాఖలో మా మాట వినేవారు అసలు ఉన్నారా?'

మర్నాడు గడప గారి కుర్చీ ఖాళీగా ఉన్నది.

"బస్టాండుకు వెళ్ళారు మేడమ్," అన్నది క్యాషియరు. "పై ఆఫీసు ఎన్నో అంతస్తులో ఉందని అడిగారు."

మేనేజరు ప్రయాణ ఖర్చుల కాగితం తీసి సంతకం చేసింది.

ఆయన మరుసటి రోజు సాయంత్రానికి గాని తిరిగి రాలేదు. యంత్రం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పై అధికారి ఫిర్యాదు కూడా, మేనేజరు ఫిర్యాదు పక్కనే, నేటికీ పరిశీలనలోనే ఉన్నది.