పలుపులు మోసుకుపోయిన రోజు

మొన్న కోడలితో కలిసి గిన్నెల కోసం బేగంబజారు వెళ్ళినప్పుడు, తాళ్ళమ్మే దుకాణం ముందు నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. కొత్త జనపనార వాసన, కొంచెం ఎండుగడ్డి, కొంచెం చెరువు బురద కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకు తగలగానే అరవై దాటినదాన్నన్న సంగతి మరిచి చేయి చాపి ఒక తాడు చుట్టను పట్టుకున్నాను. "బావికా అమ్మా, బర్రెకా?" అని అడిగాడు దుకాణదారు. మాకిప్పుడు బావీ లేదు, బర్రే లేదు. కోడలు చేయి పట్టుకుని లాక్కుపోయింది గానీ, ఆ రోజంతా నాకు ఒక్కచోట కూర్చోబుద్ధి కాలేదు. అయినా నాకు కూర్చోవడం ఎప్పుడు చేతనైంది గనక. చిన్నప్పుడు మా బాపమ్మ, అంటే బాపుని కన్నతల్లి, నన్ను "కాలు కాలిన పిల్లి" అనే పిలిచేది.

మొఘల్‌పురాలో మేముండే గల్లీలో ఇంటికో బర్రె, ఉన్నవాళ్ళకు రెండు. తెల్లవారి అజాన్ వినబడే వేళకే ఇత్తడి చెంబుల్లో పాలధార పడే చప్పుడు ఈ ఇంటినుంచి ఆ ఇంటికి అందుకునేది. పిడకల పొగ, కుడితి తొట్లలో నానిన తవుడు పులుపు, కొట్టం గోడకు తడిపేడ వాసన, వాటి మధ్యలోంచి ఎవరింట్లోనో వెన్న కాస్తుంటే వచ్చే కమ్మదనం, వీటన్నిటినీ దాటుకుని మేము గల్లీ చివర కచ్చకాయలు ఆడుకోవడానికి పరిగెత్తేవాళ్ళం. ఎండాకాలం మధ్యాహ్నాలు బర్రెల మీద తడిగోనెలు పరిచేవాళ్ళు. వానాకాలం గల్లీ అంతా మోకాటిలోతు బురద, దానికి తోడు దోమలు, దోమలకు వేపాకు పొగ, ఆ పొగకు మా అందరి కళ్ళూ ఎర్రగా ఉండేవి. దీపావళి మర్నాడు బర్రెల్ని కడిగి, కొమ్ములకు నూనె రాసి, మెడకు గవ్వల పట్టీలు కట్టి ఊరేగిస్తుంటే, ఆ ఒక్కరోజు మాత్రం మేము నవాబులకేం తీసిపోమనుకునేవాళ్ళం.

మా బర్రె పేరు చుక్కి. నుదుట రూపాయంత తెల్లమచ్చ. మాకున్నది ఆ ఒక్కటే. బాపు దాని పాలు కావడిలో మోసుకుపోయి చార్మినార్ చుట్టుపక్కల చాయ్ హోటళ్ళలో పోసి వచ్చేవాడు, ఆ పాలమీదే మా పొయ్యి వెలిగేది.

పట్నంలో పాడి అంటే ఒక చిక్కు ఉంది. బర్రె పాలిచ్చినన్నాళ్ళు లక్ష్మి. వట్టిపోయిందంటే అదే బర్రె నెత్తిమీద బండ. మేయడానికి బీడు లేదు, చూడి కట్టించడానికి దున్నపోతు లేదు, పాలివ్వని నోటికి రోజూ గడ్డి కొనాలి. అప్పుడు బేపారి, అంటే గొడ్లు కొనే వ్యాపారి, వచ్చేవాడు. అతను గల్లీ మొదట్లో నిలబడి ఊరికే దగ్గితే చాలు, ఎవరి బర్రె వట్టిపోయిందో ఆ ఇంటి ఆడవాళ్ళ ముఖాలు మాడిపోయేవి. చవగ్గా తోలుకుపోయి కసాయికి ఇచ్చేవాడు. ఆ ఇల్లు మళ్ళీ పాలబర్రె కొనాలంటే ఉన్నదంతా ఊడ్చిపెట్టాలి. మా చిన్నాయన అలా రెండు బర్రెల్ని పోగొట్టుకుని బేగంబజారులో మూటలు మోసే పనికి పోయాడు. పాలు పిండిన చేతులు ఆ ఏడాదికే గరుకెక్కి, నా చెంప తడిమితే గీరుకునేవి.

పెద్ద యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో గడ్డికీ తవుడుకీ కరువొచ్చింది. అప్పుడు మా గల్లీలోని మల్లయ్య కాక అంజుమన్, అంటే పాడివాళ్ళ సంఘం, పెట్టించాడు. సర్కారు దఫ్తరులో దానికి పొడుగాటి ఉర్దూ పేరుండేది, మాకు మాత్రం అది అంజుమనే. అందరి పాలూ ఒక్కచోట కొలిచి హోటళ్ళకు పోయడం, తవుడూ పల్లీచెక్కా బండ్లకొద్దీ ఒకేసారి తెప్పించడం దాని పని. అది కుదురుకున్నాక కాక ఇంకో మాటన్నాడు. పట్నం బయట గుట్టల దగ్గర ఒక బీడు కౌలుకు తీసుకుందాం, వట్టిపోయిన బర్రెల్ని బేపారికి అమ్మకుండా అక్కడికి తోలుదాం, చూడి కట్టి ఈనే ముందర తిరిగి తెచ్చుకుందాం అని. బీడు పక్క ఊరివాళ్ళు కాపలా కాస్తారు, గడ్డి ఇస్తారు, బదులుగా పేడ వాళ్ళ పొలాలకు.

"బర్రె మడుగుల ఉండంగ కొమ్ములు బేరం చేసినట్టుంది నీ యవ్వారం" అంది బాపమ్మ.

"పెద్దవ్వా, బేపారి తోలుకపోయిన బర్రె ఎన్నడన్న తిరిగొచ్చిందా చెప్పు" అన్నాడు కాక.

ఆ ఏడు దీపావళికి చుక్కి పాలు చెంబు అడుగుకు వచ్చేశాయి. పండుగ వెళ్ళిన వారానికి గల్లీలోని వట్టి బర్రెలన్నిటినీ తోలుకుపోయే రోజు వచ్చింది.

మాలో ఒక ఆచారం ఉంది. గొడ్డును అమ్మితే దాని పలుపు, అంటే మెడతాడు, కొన్నవాడికి ఇవ్వరు. గొడ్డు పోయినా ఇంటి లక్ష్మి ఆ పలుపులో ఉంటుందని, విప్పి ఇంట్లోనే మేకుకు తగిలిస్తారు. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. ఆ ఉదయం మా అమ్మ చుక్కికి బొట్టు పెట్టి, కడసారి కుడితి తాగించింది. బాపమ్మ పలుపు విప్పి భుజాన వేసుకుంది. ఎదురింటివాళ్ళూ అదే చేశారు, పక్కింటివాళ్ళూ అదే చేశారు. గడప దాటి పోతున్న గొడ్డును చూస్తే ఆ చేతులకు వేరే పని తెలియదు. కాక ఏదో గుర్తొచ్చినవాడిలా తల గోక్కుని, అంజుమన్ గదిలోంచి కొత్త తాళ్ళు తెచ్చి అన్నిటికీ కట్టాడు. చుక్కి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే పోయింది. నేను దాని వెనక పరిగెత్తి, మా అమ్మ చేత వీపు మీద ఒకటి తిని తిరిగొచ్చాను.

ఆ తర్వాత నాకు ఇల్లు ఇల్లులా లేదు. బాపు అంజుమన్ పాలు హోటళ్ళకు మోసే కూలీకి కుదిరాడు కాబట్టి తిండికి లోటు రాలేదు. కానీ కొట్టంలో చుక్కి పడుకునే చోట నేల ఎండిపోయి పగుళ్ళిచ్చింది. నేను మిద్దె ఎక్కేదాన్ని, దిగేదాన్ని, మళ్ళీ ఎక్కేదాన్ని. గుట్టలెటువైపో తెలియకపోయినా ఎటో ఒకవైపు చూసేదాన్ని. సంక్రాంతికి సకినాలు చేస్తే నమల్లేక జేబులో పెట్టుకుని తిరిగాను. మేకుకున్న పలుపును రోజూ వాసన చూసేదాన్ని, దానికింకా చుక్కి మెడ చెమట వాసన ఉండేది. బాపమ్మ మాత్రం పోయిన బర్రె గొప్పలు చెప్పుకుంటూ కూర్చునేది. చచ్చిన బర్రె పగిలిన కుండెడు పాలిచ్చిందని సామెత ఊరికే పుట్టలేదు.

ఉగాది వెళ్ళాక ఒకనాడు బేపారి గల్లీలోకి వచ్చాడు. ఈసారి దగ్గలేదు. తిన్నగా మల్లయ్య కాక అరుగు మీద కూర్చుని, అందరూ వింటుండగానే బేరం మొదలుపెట్టాడు.

"బీడు కాడ అంజుమన్ బర్రెలున్నయి గద, మొత్తం నేనే తీసుకుంట. ధర చెప్పు భాయ్."

"అవి అంజుమన్‌వి ఎట్లయితయి? ఇండ్లోళ్ళవి" అన్నాడు కాక.

"గట్లెట్ల? ఇండ్లోళ్ళు వదులుకున్నరని మీ కాపరే చెప్పిండు."

ఇక చూడండి లొల్లి. కుడితి కలుపుతున్న చేతులతోనే ఆడవాళ్ళు బయటికొచ్చారు. మల్లయ్య మన బర్రెల్ని మింగేశాడన్నారు, సర్కారు పేరు చెప్పి ముంచాడన్నారు. కాక ఒట్లు పెట్టుకున్నకొద్దీ అనుమానం ముదిరింది. ఆ సాయంత్రం కొన్ని ఇళ్ళు అంజుమన్‌కు పాలు పోయడం మానేశాయి. మర్నాటికి ఇంకొన్ని. మా బాపు మోసే కావడి సగమైంది. అతను గోడకు ఆనుకుని తన అరచేతులు చూసుకుంటూ కూర్చుంటే, నాకు మా చిన్నాయన గరుకు చేతులు గుర్తొచ్చాయి. చుక్కి రాకపోతే, అంజుమన్ విరిగిపోతే, బాపుకు మిగిలేవి కూడా ఆ మూటలే. పిల్లనే అయినా నాకది అర్థమైంది, భయమేసింది.

మూడోనాడు పొద్దున నేను ఎప్పటిలాగే పలుపు దగ్గర ముక్కు పెట్టి నిలబడితే, నన్ను కసిరి పక్కకు జరపబోయి, అలాగే ఆగి మేకు వంక చూస్తూ ఉండిపోయింది.

"ఓ కొడుకా" అని బాపుని పిలిచింది. "మనం చుక్కిని అమ్మినమా?"

"లేదు గదనే అవ్వా."

"మరి పలుపు ఇంట్ల ఎందుకుంది?"

బాపు తెల్లబోయి మేకు వంకా, తల్లి వంకా చూశాడు. బాపమ్మ గల్లీలోకి పోయి గడపగడపకూ అదే ప్రశ్న వేసింది. ప్రతి ఇంట్లోనూ మేకుకు ఒక పలుపు, ప్రతి ముఖంలోనూ మా బాపు ముఖమే. పక్కింటి ఎల్లవ్వ మాత్రం అడ్డం పడింది.

"పలుపు ఇస్తే లక్ష్మి పోదా పెద్దవ్వా?"

"నాకు భయం లేదనుకుంటున్నవా? మస్తుంది" అంది బాపమ్మ. "పోతే అందరి లక్ష్మి ఒక్క తాననే ఉంటది. దానికి తోడుంటది."

ఆ రోజే బీడుకు బయల్దేరాం. ఎండ నెత్తి మాడుస్తుంటే, భుజాల మీద పలుపులతో గల్లీ ఆడవాళ్ళందరూ ముందు, కాక, బాపు, మిగతా మగవాళ్ళు వెనక. నన్ను వద్దన్నారు, నేను వింటే కదా. బట్టల దుకాణాల ముందునుంచి పోతుంటే ఒక ముసలి సాయెబు గద్దె మీదనుంచి వంగి చూసి, "కిదర్ జారే అమ్మా, రస్సియాఁ లేకో?" అని, తాళ్ళు మోసుకుని ఎటు పోతున్నామని అడిగాడు. "మా బర్రెల్ని మావని చెప్పనీకె" అంది మా అమ్మ. ఆమె బజారులో మగవాళ్ళకు బదులు చెప్పడం నేను వినడం అదే మొదలు.

బీడు చేరేసరికి పొద్దు వాలుతోంది. కాపరి బాలయ్య తాత మమ్మల్నీ, మా భుజాల మీది పలుపుల్నీ చూసి లేచి నిలబడ్డాడు.

"పలుపులు రాకపాయె. అమ్మినోళ్ళే గద ఉంచుకునేది. నేనేమనుకోవాలె అవ్వా?" అన్నాడు. అందులో అతని తప్పేముంది. మా చేతులు చెప్పిందే అతను విన్నాడు.

"మేం అమ్మలె" అంది బాపమ్మ. "అలవాటు చొప్పున చేతులు విప్పినయి, గంతే."

చుక్కి తుమ్మచెట్టు కింద నెమరు వేస్తోంది. ఒళ్ళు నిగనిగలాడుతోంది, పొట్ట దిగింది, చూడి కట్టిందని బాపమ్మ తడిమి చెప్పింది. అంజుమన్ తాడు విప్పి పాత పలుపు మెడకు చుట్టి ముడి వేసింది. ముడి వేశాక కూడా చాలాసేపు వదల్లేదు. తర్వాత కాక వైపు తిరిగి, అందరి ముందూ, "నిన్ను అనరాని మాటలన్నం బిడ్డా" అంది. కాక భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

దసరాకు ముందు చుక్కి ఆ పలుపుతోనే ఇంటికొచ్చింది. దీపావళికి ముందే ఈనింది. బాపమ్మ జున్నులో మిరియాలు, బెల్లం దిట్టంగా వేసి గల్లీ అంతా పంచి, ఒక గిన్నె బాలయ్య తాతకు పంపించింది. బేపారి మళ్ళీ వచ్చి దగ్గినా మా గల్లీలో ఎవరూ తల తిప్పలేదు. మా చిన్నాయన అంజుమన్ ఇచ్చిన అప్పుతో ఒక పాలబర్రెను కొని మూటలు వదిలేశాడు. మా పేడ పడ్డ ఆ బీడు పక్క ఊళ్ళో జొన్నచేలు నిలువెత్తు పెరిగాయని, గడ్డి బండ్లు తోలుకొచ్చేవాళ్ళు చెప్పేవాళ్ళు.

అదంతా ఇప్పుడు లేదు. అంజుమన్ ఎలా పోయిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు: రాజ్యం మారిందంటారు, పిల్లలకు నౌకరీలొచ్చాయంటారు, పట్నం పెరిగి బీడును మింగిందంటారు. తుమ్మచెట్టున్న చోట మేడలు లేచాయి. గల్లీలో కొట్టాలన్నీ దుకాణాలయ్యాయి. పొద్దున కోడలు కత్తెరతో ప్యాకెట్ మూల కత్తిరించి గిన్నెలో పాలు పోస్తుంది. ఆ పాలూ ఎక్కడో ఊళ్ళలో ఎందరో రైతులు కలిసి పోసినవేనని చదువుకున్న మనవరాలు చెబుతుంది. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ పాలకు ముఖం కనిపించదు, గిన్నె దగ్గర నిలబడి వాసన పట్టడానికి ప్రయత్నించి విసుగొచ్చి బయటికి పోతాను.

బేగంబజారు నుంచి వచ్చిన ఆ సాయంత్రం నేను వెనక గదిలోకి వెళ్ళాను. పనికిరాదని ఎవరు పారేయబోయినా నేను పడనివ్వని పలుపు ఒకటి అక్కడ మేకుకు ఉంది. చుక్కిది కాదు. చుక్కి పలుపు మా భుజాల మీద బీడుకు పోయి చుక్కితోనే తిరిగొచ్చింది, కడకు దాని మెడ మీదే చివికిపోయింది. ఇది మా ఆఖరి బర్రెది. దాన్ని తోలుకుపోయేనాటికి గల్లీలో అంజుమన్ లేదు, బాపమ్మ లేదు, పలుపు ఎందుకు విప్పుతున్నారని అడిగేవాళ్ళూ లేరు. దాన్ని అమ్మేశాం. అందుకే పలుపు ఇంట్లో ఉంది.