డ్రమ్ముకొచ్చిన అభ్యంతరం

మా చెల్లెలు శాంతి పెళ్లి పీటల దాకా వచ్చి ఆగిపోయినంత పనైంది. కారణం వర్షం కాదు, వంటవాళ్లు కాదు. పెళ్లికూతురి అన్నయ్య, అంటే నేనూ, నా సైడ్ డ్రమ్మూ.

అప్పట్లో నేను వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్లో సరుకు లెక్కలు చూసేవాణ్ణి. లెక్కలూ ఎవరూ నేర్పలేదు, డ్రమ్మూ ఎవరూ నేర్పలేదు. అంకె తప్పకపోతే రెండూ వాటంతటవే కుదురుతాయని నా నమ్మకం. భవానీపురంలో మా చర్చి క్వయర్‌వాళ్లు నన్ను చేర్చుకున్నది కూడా బాగా వాయిస్తానని కాదు, ఎక్కడ ఆగాలో లెక్కపెట్టుకుని ఆగుతానని.

శాంతి అడిగింది ఒక్కటే. "బ్యాండు మేళం వద్దన్నయ్యా. నువ్వే వాయించు."

ఇక్కడ డ్రమ్ము సంగతి కాస్త చెప్పాలి. దాని అడుగున సన్నటి తీగల వరస ఉంటుంది. పక్కనున్న మీట ఎత్తితే తీగలు తోలుకి ఆనుకుని, కొట్టినప్పుడు జిర్రుమంటాయి. దించితే ఉత్త కుండలా 'బుమ్' అంటుంది. శాంతి నడిచొచ్చేటప్పుడు మీట దించి, మెత్తటి గుండు తలల మ్యాలెట్లతో నెమ్మదిగా వాయించాలి. ఉంగరాలు మార్చుకోగానే మీట ఎత్తి, పుల్లలతో దడదడలాడించాలి. ఇదీ పథకం.

మొదటి సగం దివ్యంగా జరిగింది. శాంతి వెళ్లి పెళ్లికొడుకు పక్కన నిలబడగానే, తర్వాత తడుముకోవడం ఎందుకని మీట అప్పుడే ఎత్తేసి కూర్చున్నాను.

కీబోర్డు దగ్గరున్న మా యోహాను గొణిగాడు. "ఇప్పుడే ఎత్తావేంట్రా? అయ్యగారి గొంతుక్కూడా జిర్రుమంటది."

"అనదు. ఆయనకీ దీనికీ మధ్య పన్నెండడుగులు. కొలిచాను."

"కొలిచావా!"

"టేపుతో."

నేను కొలిచింది అయ్యగారి, అంటే మా పాస్టరుగారి నోటి దగ్గర్నుంచి. ఆయన మాట బయటికొచ్చే స్పీకరు పెట్టె మాత్రం డ్రమ్ముకి జానెడు దూరంలో ఉంది. దాన్ని కొలవలేదు.

మా అయ్యగారిది బావి అడుగునుంచి వచ్చే గొంతు. "ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెనూ..." అని సాగదీశారు.

"జిర్ర్ర్ర్!" అంది డ్రమ్ము.

చర్చి కొయ్యబారిపోయింది. అయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఎవరూ?"

"జిర్ర్ర్!"

"ఎవరయ్యా అదీ?"

"జిర్ర్ర్ర్ర్!"

ముందు బెంచీలో ఉన్న పెళ్లికొడుకు నాయనమ్మ అటూ ఇటూ చూసి, "ఎవడో ఉన్నాడ్రా అబ్బాయ్! మాట పెగలక ఏడుస్తన్నాడు పాపం!" అంది.

పెళ్లికొడుకు శాంతికేసి చూశాడు. చూసి, ఒకడుగు వెనక్కి వేశాడు.

అప్పుడు వెలిగింది నాకు. మీట దించాలి! అది అవతలి వైపుంది, కూర్చుంటే అందదు. చటుక్కున లేచాను.

ఒక్క క్షణం నా స్థానంలో, కాదు కాదు, ఆ నాయనమ్మ స్థానంలో నిలబడి చూడండి. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. ఇంతమంది జనంలో లేచింది ఒక్కడే. వాడు పెళ్లికూతురి సొంత అన్న!

"ఓరి నాయనో, వీడా!" నాయనమ్మ గుండె పట్టుకుంది.

"కూర్చోరా వెధవా!" మా నాన్న.

"నీకేమి అభ్యంతరం బాబూ?" అయ్యగారు.

"జిర్ర్ర్!"

"నాక్కాదండీ... డ్రమ్ముకి."

శాంతి మేలిముసుగు రెండు చేతులా పైకెత్తింది. "అయ్యగారూ, అది డ్రమ్మండీ! ఇంట్లో నేను కేకేసినా అట్టాగే అంటది. అన్నయ్యా, నువ్వు దించుతావా, నన్నొచ్చి దించమంటావా?"

దించాను. ముందు యోహాను నవ్వాడు, తర్వాత బెంచీ బెంచీకీ నవ్వు అంటుకుంది. "ఓస్, డ్రమ్మా!" అంది నాయనమ్మ, మంచి కథ మధ్యలో ఆగిపోయినట్టు.

అయ్యగారు పెళ్లికొడుకుని సమ్మతమేనా అని అడిగారు. బావగారు ముందు డ్రమ్ముకేసి చూసి, అది నోరు మూసుకుందని రూఢి చేసుకుని, అప్పుడు "సమ్మతమేనండీ" అన్నాడు.

చివర్లో పుల్లలు ముట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు. శాంతే వెనక్కి తిరిగి, ఉంగరం చేత్తో కానివ్వమని సైగ చేసింది. అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ వాయించలేదు.

అందుచేత పాఠక మహాశయుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పెళ్లిలోనైనా అయ్యగారు ఆ ప్రశ్న అడిగితే నేను లేవను. బెంచీ మీదికి తేలు పాకినా సరే, ఉంగరాలు మార్చుకునేదాకా కుట్టించుకుంటూ, చిరునవ్వుతో కూర్చుంటాను.