ఉలవలు తిన్న ఇంపోర్టు

ఇంపోర్టు అనే మాటను మా నంద్యాలలో వాచీలకూ టెర్లిన్ బట్టలకూ వాడేవాళ్ళు. అది నిజంగా ఇంపోర్టో, మద్రాసులో ముద్ర కొట్టించిందో ఎవరికీ తెలీదు. అయినా కొన్నవాడు చొక్కా చేయి పైకి మడిచి ఊరంతా తిరిగేవాడు. మనిషిని ఇంపోర్టు అనడం మాత్రం నేను మొదటిసారి విన్నది ఆళ్లగడ్డ ఆసామి నోట. డెబ్బైల మధ్యలో ఆ మనిషి మా వసారాలో, మా నాయన కుర్చీలోనే కూర్చుని ఆ మాట అన్నాడు.

ఆసామి గురించి ముందు చెప్పాలి. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వడ్ల మిల్లు, జీపు, బండలాగుడు పందేలకు మేపే ఎద్దులు, ఎద్దులకంటే బాగా మేపిన మీసాలు. ఆయన జత పందేనికి బయల్దేరిందంటే ముందు తప్పెట్లు, వెనక జనం. గెలిస్తే ఎద్దుకు పూలదండ, ఓడితే సంత. లోకమంటే ఆయనకు ఇంతే. బనగానపల్లెలో తనకు పడని ఇంకో ఆసామి బాస్కెట్‌బాల్ టీము పెట్టాడని విని ఈయనా ఒకటి పెట్టాడు. బంతి ఏ బుట్టలో వెయ్యాలో తెలుసుకోకుండానే పెట్టాడు.

మా అన్న ఆ టీములో ఆడేవాడు. మా నాయన నంద్యాల మిషన్ హైస్కూల్లో టీచరు, మా ఇల్లూ స్కూలు ఆవరణలోనే. అన్న ఆ స్కూలు కోర్టులోనే ఆట నేర్చుకున్నాడు. పొడుగు మనిషి. రింగు కింద నిలబడితే వాడి చేతుల మీంచి బంతి లాక్కోవడం ఈ చుట్టుపక్కల ఎవరివల్లా కాలేదు. చదువే అబ్బలేదు. ఇంటర్ తప్పాడు, మళ్ళీ కట్టాడు, మళ్ళీ తప్పాడు. ఇక వాడి చేతిలో మిగిలింది ఆ ఎత్తు ఒక్కటే.

కర్నూలు వైపు ఒక నూలు మిల్లు వాళ్ళు బాగా ఆడేవాళ్ళకు ఉద్యోగమిచ్చి తమ టీములో పెట్టుకునేవాళ్ళు. ఆ వేసవి ఆళ్లగడ్డలో పోటీలు. మిల్లు మనిషి ఒకాయన అన్న ఆట ఎక్కడో చూసి, "రింగు కింద ఆడేవాడు కావల్లప్పా మాకు. ఫైనల్‌కు మా ఆఫీసరును పిల్చుకొస్తా, ఆయన ముందర ఆడు, చాలు" అన్నాడట. ఆ సంగతి విన్న ఆదివారం చర్చిలో అందరూ లేచినా మా అమ్మ మోకాళ్ళ మీంచి లేవలేదు. ఆ ఉద్యోగం వస్తే వాడు మనిషవుతాడు, రాకపోతే ఎవడి దగ్గరో కూలికి పోతాడు. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

సరిగ్గా ఆ ఏడే మా స్కూలుకు ఇంగ్లీషు చెప్పడానికి అమెరికా నుంచి ఒకాయన దిగాడు. మా పక్క గది ఇచ్చారు, భోజనం మా ఇంట్లో. లోపలికి వచ్చేటప్పుడల్లా ద్వారబంధానికి తల కొట్టుకునేవాడు. వంగాలన్న జ్ఞానం వెళ్ళిపోయే రోజుదాకా రాలేదు. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడాడట, ఎప్పటికైనా జీతమిచ్చే జట్టులో ఆడతాడట. ఇదంతా అన్నం తింటూ అమ్మకు ఇంగ్లీషులో చెప్పేవాడు. నేనప్పుడు టీచర్ ట్రైనింగు చదువుతున్నాను కాబట్టి అమ్మకు తెలుగులో చెప్పే పని నాది. చెడ్డవాడు కాదు. నాకు కంపరం పుట్టించింది అదే. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఈయన నాయనను చూసినా, మేకను చూసినా, గోడను చూసినా ఒకటే నవ్వు నవ్వేవాడు.

ఆయన ఎత్తు సంగతి ఆళ్లగడ్డకు పాకి ఆసామి జీపులో వచ్చాడు. అమెరికా ఆయనను వసారాలో నిలబెట్టి చుట్టూ తిరిగాడు. పిక్కలు చూశాడు, వీపు చూశాడు.

"అట్ల తిరగమని చెప్పమ్మా" అన్నాడు నాతో.

నేను చెప్పాను. ఆయన తిరిగాడు. ఇది మన దేశంలో గౌరవమనుకున్నాడో ఏమో, మళ్ళీ నవ్వాడు. ఆసామికి పళ్ళు కూడా కనిపించాయి.

"పళ్ళు గట్టివే. ఏం తింటాండాడు?"

"మేం తినేదే" అంది అమ్మ.

"అట్లయితే కాదు. తిండి నేను పంపిస్తా. అసలు సిసలు ఇంపోర్టు సరుకు, కడుపు ఎండబెట్టొద్దండి."

అన్న తలుపు పక్కనే నిలబడి ఉన్నాడు. కాస్త సంతోషంగానే ముందుకొచ్చి, "ఆయనా నేనూ ఇద్దరం రింగు కింద నిలబడితే బనగానపల్లె వాళ్ళు దగ్గరికి కూడా రాలేరన్నా" అన్నాడు.

ఆసామి వాడిని కింద నుంచి పైదాకా చూశాడు. "ఒక కాడికి ఎత్తు తేడా ఉండే ఎద్దుల్ని కడతారేందప్పా? కాడి వంకర పోతాది. ఆయప్పకు నువ్వు సాలవు. టీములో మిగతా నలుగురూ ఒక ఎత్తు ఉండారు, రెండు జతలు. ముందర ఈయప్ప ఒక్కడు. నువ్వు కూసో."

తాలూకా మొత్తంలో పొడుగు మనిషిని పట్టుకుని పొట్టివాడివన్నాడు. ఆసామితో వచ్చిన టీము కెప్టెన్ జీపు దగ్గర నిలబడి తల ఊపాడు. రోజూ రెండు పూటలా అన్న అందించిన బంతులతో పేరు తెచ్చుకున్న కెప్టెనే. జీవితమంతా పిల్లలకు ధైర్యంగా మాట్లాడమని చెప్పిన మా నాయన, కాఫీలో చక్కెర సరిపోయిందా అని ఆసామిని అడిగాడు.

పోటీలు మొదలయ్యాయి. అమెరికా ఆయన ఆట బాగానే ఆడాడు, లేదనను. ఆ నలుగురూ పరిగెత్తి బంతి తెచ్చి ఇస్తే ఆయన చెయ్యెత్తి బుట్టలో పెట్టేవాడు. ప్రతి ఆట ముందూ తప్పెట్లు కొడుతూ ఊరేగించి, నుదుట బొట్టు పెట్టి, గుమ్మడికాయ తిప్పి దిష్టి తీసేవాళ్ళు. మా చర్చి పెద్దలకు అది నచ్చలేదు, కానీ జీపు చూసి గమ్మునున్నారు. ఆయనకు మాత్రం భలే సంబరం. తన ఫోటో తీయించుకుని ఇంటికి పంపుకునేవాడు. ఆ ఫోటోల్లో పక్కన తువ్వాలు పట్టుకున్న చెయ్యి మా అన్నది. మొహం ఎందులోనూ పడలేదు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఉండబట్టలేక అడిగాను. "మా అన్న కూడా రింగు కింద ఆడేవాడే. వాడిని కూడా ఆడించమని మీరొక మాట చెప్పకూడదా?"

"అది కోచ్ నిర్ణయం. ఆటగాడు అందులో జోక్యం చేసుకోకూడదు" అన్నాడు, ఎంతో నీతిగా.

కోచ్ అట. ఈల ఊదితే ఎద్దు బెదురుతుందని రెఫరీని కసిరిన మనిషి కోచ్.

ఫైనల్‌కు ముందు ఆసామి పాలేరు ఒక మూట తెచ్చి మా వంటింట్లో దించాడు. ఉలవలు. పొద్దున, సాయంత్రం ఉడకబెట్టి పెట్టాలట, ఆ ఉడికిన నీళ్ళతో చారు కాచి తాగించాలట.

"ఎద్దుకు పెట్టేంత మనిషికి పెడతారేంది?" అంది అమ్మ.

"పందేనికి ముందు మేము ఇట్లనే పెడతామమ్మా. ఆసామి చెప్పినాడు."

అమ్మ గిన్నెలో పెట్టి ఇస్తే, తక్కువైందని పాలేరు పళ్ళెంలోకి మార్చాడు. ఆయన తినేదాకా కదలకుండా గడప దగ్గర కూర్చునేవాడు. పెట్టింది వద్దనడం మర్యాద కాదని ఆయనకు ఎవరో నూరిపోసి పంపారు కాబోలు. చెమటలు పట్టినా పళ్ళెం ఖాళీ చేసి, తనకొచ్చిన ఒక్క తెలుగు మాట అనేవాడు. "బాగుంది."

ఫైనల్ రోజు ఆళ్లగడ్డ మైదానంలో ఇసక వేస్తే రాలదు. ముందు వరసలో కుర్చీలు, అందులో ఆసామి, పక్కన మిల్లు ఆఫీసరు, ఆయనను పిలుచుకొచ్చిన మిల్లు మనిషి. మేము స్కూలువాళ్ళం వాళ్ళ వెనకే బెంచీ మీద కూర్చున్నాం. అన్న కోర్టు అంచున బూట్లు బిగించి కట్టుకుని కూర్చున్నాడు. వాడు విప్పి మళ్ళీ కట్టుకోవడం చూశాను.

సగం ఆట దాకా బనగానపల్లె మీద ఆళ్లగడ్డదే పైచెయ్యి. తర్వాత అమెరికా ఆయన పరుగు మందగించింది. చెయ్యి పొట్ట మీదకు పోయింది. ఒకసారి బంతి చేతికందినా వదిలేశాడు. ఇంకాసేపటికి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, నిటారుగా లేచి, జనాన్ని తోసుకుంటూ మైదానం అవతలి తుమ్మచెట్ల వైపు పరిగెత్తాడు. జనం ఇది కూడా అమెరికా ఎత్తుగడ అనుకుని చప్పట్లు కొట్టారు.

అన్న లేచాడు. మీది చొక్కా విప్పేశాడు, లోపల టీము బనీను. ఐదుగురుండాల్సిన కోర్టులో నలుగురు. ఒక్క అడుగు వేస్తే వాడు లోపల.

"కూసో" అన్నాడు ఆసామి.

"నలుగురే ఉండారన్నా."

"పందెం నడమ జత మారుస్తారేంరా? మారిస్తే ఓడిపోయినామని మనమే ఒప్పుకున్నట్టు. నా ఎద్దులు ఎన్నడన్నా మారినాయా? ఆయప్ప వస్తాడు, కూసో."

ఆటలో మనిషిని మార్చుకోవచ్చని రెఫరీ గొణిగాడు. మార్చుకోవాలి కూడా అన్నాడు. ఆసామి ఆయన వైపు చూసేసరికి, ఆయనకా రాత్రి భోజనం ఎవరింట్లోనో గుర్తొచ్చి ఈల ఊదాడు. నలుగురితోనే ఆట సాగింది. మిల్లు ఆఫీసరు కాస్త ముందుకు వంగి, "ఆ పొడుగాయన ఆడడా?" అని అడిగాడు. నేను వెనక నుంచి విన్నాను.

"వాడా? ఊరికే వచ్చినాడు" అన్నాడు ఆసామి.

అన్నకూ వినిపించింది. ఆ మాటకైనా తిరగబడతాడనుకున్నాను. తోసుకుని లోపలికి పోతే ఎవడు ఆపేవాడు? వాడు చొక్కా మళ్ళీ తొడుక్కుని కూర్చున్నాడు. ఆసామి మీద నాకు అసహ్యమే గానీ ఆశ్చర్యం లేదు. ఎద్దుల మనిషి ఎద్దుల బుద్ధి చూపించాడు. ఆ చొక్కా తొడుక్కున్నందుకు మాత్రం అన్నను చాలా ఏళ్ళు క్షమించలేకపోయాను.

ఓడిపోయారు. మిల్లు వాళ్ళు బనగానపల్లె టీములోంచి ఇద్దరిని ఎంచుకుని పోయారు. అమెరికా ఆయన మొహం తెల్లగా పాలిపోయి తిరిగొచ్చేసరికి మైదానంలో కుర్చీలు ఎత్తేస్తున్నారు. ఆయన కోసం జీపు రాలేదు. తవుడు బస్తాల లారీ ఎక్కించి నంద్యాల పంపారు. మర్నాడు ఆయన ఇదంతా ఒక మంచి అనుభవమని నాతో అన్నాడు. అన్న శిరివెళ్లలో ఒక రైతు దగ్గర ట్రాక్టరు తోలడానికి చేరాడు.

అమెరికా ఆయన తన దేశం పోయి, అక్కడ ఏ జట్టూ తీసుకోక, చివరికి ఆస్ట్రేలియాలో జీతానికి ఆడుతున్నాడని క్రిస్మస్ కార్డు వచ్చింది. అక్కడ కూడా ఆయనను ఇంపోర్టు అనే అంటారట. ఎనభైల మధ్యలో ఒకసారి స్కూలు చూడాలని వచ్చాడు. అప్పటికి నేను అదే స్కూల్లో టీచరును. కుంటుతూ వచ్చాడు, ద్వారబంధానికి తల మాత్రం మామూలుగానే కొట్టుకున్నాడు. అన్న కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు, ఒళ్ళంతా దుక్కి దుమ్ముతో.

అమ్మ అన్నం పెడుతుంటే ఆయన తన గోడు వెళ్ళబోసుకున్నాడు. మొదటి ఏడు ఆ ఊరంతా నెత్తిన పెట్టుకుందట. తిరగడానికి కారిచ్చారట, అంగళ్ళలో ఆయన బొమ్మ కట్టారట. మోకాలు దెబ్బతినగానే మాట మారింది. జట్టుకు బయటి దేశం వాళ్ళు ఇద్దరే ఉండాలట. అమెరికా నుంచే కుర్రవాడొకడు దిగితే ఈయనను పక్కన పెట్టారు. ఒప్పందం ముగిసేదాకా ప్రతి ఆటకూ బూట్లు కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడట, కోచ్ ఒక్కసారి కూడా ఇటు తిరిగి చూడలేదట.

"అలా కూర్చోవడం ఎలా ఉంటుందో మీకెవరికీ తెలీదు" అన్నాడు, కళ్ళనీళ్ళతో.

అది నేను తెలుగులో చెప్పలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డ అన్నను చూసి, మళ్ళీ ఆ పాత నవ్వు నవ్వాడు.

"నువ్వు మంచి పొడుగున్నావే. ఎప్పుడైనా బాస్కెట్‌బాల్ ఆడావా?"

వేళాకోళమేమో అనుకున్నాను. కాదు. ఆ వేసవంతా తనకు తువ్వాలు అందించిన మనిషి ఆయనకు గుర్తే లేడు.

"ఏమంటాండాడు?" అన్నాడు అన్న.

ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న తన చేతులు చూసుకున్నాడు.

"లేదని చెప్పు. నిజమే గదా, కూసునే ఉంటి."

"లేదు" అని ఇంగ్లీషులో చెప్పాను.

"అయ్యో, ఇంత ఎత్తు వృథా అయిపోయింది" అన్నాడు ఆయన.

ఆయన భోంచేసి కర్నూలు బస్సు ఎక్కాలి, దారంతా గతుకులు. నేను వంటింట్లోకి పోయి ఉలవచారు గిన్నె తెచ్చాను. ఆయన పళ్ళెంలో ఒక గంటె పోశాను. ఇంకో గంటె పోశాను. ఆయన వద్దనలేదు.

"బాగుంది" అన్నాడు.