బెల్లం గుమ్మానికి వేపమండలు

కాలవగట్టున మా గిడ్డంగిలో ఏ బస్తా ఎక్కడుందో మా ఆయనకొక్కరికే తెలుసు. పోతూ పోతూ ఆ తెలివి కూడా కాటికి పట్టుకుపోయారు. ఆ తరవాత చింతపండు అడిగితే మిరపకాయలు వచ్చేవి. పసుపు తెమ్మంటే కూలీలు కొట్టంతా తిరగేసి, తుమ్ముకుంటూ వట్టి చేతులతో వచ్చేవారు.

ఆ సంగతి విని పాలకొల్లు నుంచి మా మరిది దిగాడు. రేపొచ్చే పడవకి సరుకు తప్పు లేకుండా ఎక్కకపోతే కొట్టు తాళాలు తనకిచ్చెయ్యాలన్నాడు. సరేనన్నాను. తాళాలు పోతే ఇక నాకు మిగిలేది వాళ్ళింట్లో పొయ్యి ఊదుకోవడమే.

ఆ రోజంతా కూలీల చేత ఏ సరుకుకా సరుకు విడిగా పేర్పించాను. వాళ్ళకి అక్షరం రాదు, నాకొచ్చినవి నాలుగు. అందుకని వాళ్ళు ఇళ్ళకి పోయాక వరసకో గుర్తు వేలాడదీశాను. మిరపకాయలకి చీపురు, చింతపండుకి చిల్లికుండ, పసుపుకి పాతచేట. అందరూ ఎక్కువగా అడిగేది బెల్లం గనక దాన్ని గుమ్మం పక్కనే పెట్టించాను. దాని గుర్తుగా గుమ్మానికి వేపమండలు కట్టాను. చేదు చూస్తే తీపి మరిచిపోరు కదా అని నా తెలివి.

తెల్లారి పడవ వచ్చింది. కూలీలు మాత్రం తలగుడ్డలు తీసి, దణ్ణాలు పెట్టుకుంటూ దూరంగా నిలబడిపోయారు.

"అమ్మవారు ఎవరికి పోసిందండి?" అన్నాడు మేస్త్రీ మెల్లిగా.

గుమ్మానికి వేపమండలుంటే అది మశూచి ఇల్లని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. నా బుర్రలో బెల్లం తప్ప ఇంకేమీ లేకపోయింది.

"ఎవరికీ లేదురా. బెల్లానికి కట్టాను."

"బెల్లానికి పోసిందంటర్రా," అని వెనకవాళ్ళకి చెప్పాడు. అందరూ ఇంకో బారెడు వెనక్కి తగ్గారు.

సరిగ్గా అప్పుడే మా మరిది నవ్వుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు. చేసేది లేక రొంటిన ఉన్న తాళాలు తీసి ఇవ్వబోయాను. అతని కళ్ళు గుమ్మం మీద పడ్డాయి. చాపిన చేత్తోనే ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"మీ దగ్గరే ఉండనివ్వండి వదినా," అని బల్లకట్టు ఎక్కి అవతలి గట్టుకి పోయాడు.

మండలు పీకెయ్యబోతే మేస్త్రీ ఒప్పుకోలేదు. అమ్మవారిని ఊరికే గెంటెయ్యకూడదట, చద్ది పెట్టి సాగనంపాలట. పడవవాడు కేకలేస్తుంటే బెల్లం బుట్టల మీద పసుపునీళ్ళు చల్లి, పెరుగన్నం నైవేద్యం పెట్టాను. ఆ అన్నం తిన్నాక గాని కూలీలకి చేతులు రాలేదు. ఇక చీపురు కింద మిరపకాయలు, చిల్లికుండ కింద చింతపండు, అడిగింది అడిగినట్టు పడవెక్కాయి.

ఇప్పుడు బెల్లానికి గుర్తు విరిగిన గరిటె. మరిది వస్తున్నాడని కబురొస్తే మాత్రం వేపమండలే. ఆ పూట పెరుగన్నం ఎన్ని గంటలకండీ అని కూలీలు పొద్దున్నే అడుగుతారు.